జాంగడ్‌లో పోయిన కథ

కాలేజీ దరఖాస్తు తయారు చేయించుకోవడానికి సూరత్ మొత్తంలో నాకంటే తక్కువ ఖర్చు పెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చి నా ముందు నిలబడమనండి. మా క్లాసులో కతర్‌గామ్ నుంచి వచ్చే వజ్రాల కార్ఖానాల వాళ్ళ పిల్లలు కౌన్సెలర్లను పెట్టుకున్నారు. ఒకడికైతే వ్యాసానికొక మాస్టారు, ఇంటర్వ్యూకొక మాస్టారు, ఫొటోలో ఎట్లా నవ్వాలో చెప్పడానికి ఇంకొకరు. నేను మాత్రం పైసా తీయకుండా, ఏసీ గదిలో కూర్చోబెట్టి, చేతికి ఫిల్టర్ కాఫీ ఇచ్చి మరీ నా ఇంగ్లీషు దిద్దే మనిషిని సంపాదించాను. బేరం అంటే అట్లా ఉండాలి. అంత తెలివి లేకపోతే అంత చక్కగా మోసపోవడం కూడా కుదరదు.

ఆ తెలివి నాకు ఎక్కడ అబ్బిందో చెప్పాలి. లింబాయత్‌లో తెలుగువాళ్ళ వీధి మాది. నాన్న సాంచాల మీద పని చేస్తాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. ఇంటి ముందుగదిలో అమ్మ చీరల దుకాణం నడుపుతుంది. మాకు ఎడమ పక్కన ఫాల్, పీకో కుట్టే ఆయన, కుడి పక్కన గాజుల కొట్టు, ఎదురుగా కిరాణా. ఆ నలుగురిలో ఎవరైనా చెప్పిన ధరకు ఏదైనా కొనగా నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అమ్మ డాక్టరు దగ్గర కూడా ఫీజు తగ్గించమంటుంది. ఆయన తగ్గించకపోతే ఇంకో రెండు గోలీలు అడిగి తెచ్చుకుంటుంది. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఎక్కాలు వల్లించకముందే నాకు లాభం, నష్టం, గిరాకి మొహం చదవడం వచ్చేశాయి. గిరాకి అంటే మావాళ్ళ మాటలో కొనడానికి వచ్చిన మనిషి. ఆ మొహం గురించి అమ్మ పాఠం ఒక్కటే.

"సరుకు మంచిగున్నదని మెచ్చుకునేటోళ్ళు కొనరు బిడ్డా. వంకలు పెట్టేటోళ్ళే కొంటరు. బార్డర్ సన్నగున్నది, రంగు పోతదా ఏంది, గిట్ల గులుగుతున్నరంటే చాయ్ చెప్పు. పడ్డట్టే."

ఈ పాఠం నాకు నోటికి వచ్చు. పరీక్షలో మాత్రం తప్పాను.

వేరే రాష్ట్రంలో ఒక పెద్ద ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. అక్కడ కొన్ని సీట్లకు ఫీజు, హాస్టలు, తిండి అన్నీ మాఫీ. మార్కులు ఒక్కటే చాలవు. నువ్వెవరో చెబుతూ ఒక వ్యాసం రాయాలి, తరువాత ఇంటర్వ్యూ. ఆ మాఫీ సీటు దొరికితే వెళతాను, దొరక్కపోతే పొద్దున ఇక్కడే బీకాం, మధ్యాహ్నం నుంచి దుకాణం. ఇందులో దాపరికం లేదు. నాన్న మొదటే చెప్పేశాడు. మార్కులు నాకున్నాయి. ఇంగ్లీషే, బేరమాడినట్టు వచ్చేది తప్ప వ్యాసంలా వచ్చేది కాదు.

అప్పుడే ఆంటీ మా దుకాణానికి వచ్చారు. హజీరా ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరుగారి భార్య. కోస్తా వైపు వాళ్ళు, పాల్ దగ్గర అపార్ట్‌మెంట్. పెళ్ళికి ముందు కాలేజీలో ఇంగ్లీషు చెప్పారట.

"రింగ్ రోడ్ మార్కెట్లో ఒక్క చీర అడిగితే మొహం మీదే లేదంటున్నారండీ. సెట్టంతా కొనాలంట. ఆరు చీరలు ఒకే రకం కట్టుకుని నేనేం డాన్సు ప్రోగ్రాం ఇస్తానా?" అన్నారు ఆంటీ.

అమ్మ నవ్వింది. "మా పిల్లను తోల్కపోండ్రి మేడమ్. సెట్టు ఇప్పిచ్చి ఒక్క చీర పట్టుకొస్తది. దాని నోటికి కాకాలే భయపడ్తరు."

నిజంగానే ఆ ఆదివారం ఆంటీని వెంటబెట్టుకుని వెళ్ళి, కొట్టు పెద్దాయనను గుజరాతీలో కాకా, కాకా అని బతిమాలి, లేచి పోతున్నట్టు నటించి, మెట్ల దాకా వెళ్ళి వెనక్కి పిలిపించుకుని, మూడు సెట్లలో మూడు చీరలు విడిగా ఇప్పించాను. ఆంటీ కళ్ళు పెద్దవయ్యాయి. తిరిగి వస్తూ ఆటోలో అడిగారు, పన్నెండో క్లాసు తరువాత ఏం చేస్తావని. చెప్పాను.

"అరె! మా అమ్మాయి కూడా అక్కడికే అప్లై చేస్తోందే!"

అక్కడే బేరం కుదిరింది. ఆదివారం మార్కెట్టు నాది, శనివారం ఇంగ్లీషు ఆవిడది. పక్క దుకాణం వాడి దగ్గరికి వెళ్ళి తన తక్కెడ సరిచేయించుకునే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడు. ఉచితం అన్నారంటే ఉంటాడు.

ఆంటీ బాగా చెప్పేవారు, అది కాదనను. నా వాక్యాలను చెవి పట్టి నడిపించారు. వాళ్ళమ్మాయి కూడా మంచిదే. నన్ను యార్ అని పిలిచేది, తన హెడ్‌ఫోన్లు ఇచ్చేది. తన వ్యాసం మాత్రం ముందుకు కదలడం లేదని గోళ్ళు కొరికేది. "నా లైఫ్‌లో ఏమీ అవలేదు యార్. స్విమ్మింగ్ నేర్చుకున్నా, అంతే. దాని మీద ఏం రాస్తాం?"

నా దగ్గర మాత్రం సరుకు ఉంది. అది జాంగడ్ గురించి.

జాంగడ్ అంటే సూరత్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చూపించడానికి సరుకు తీసుకెళ్ళడం. వజ్రాలవాళ్ళూ అట్లాగే ఇచ్చుకుంటారు, బట్టలవాళ్ళూ అట్లాగే. చీర ఇంటికి తీసుకెళ్ళి అత్తకో మొగుడికో చూపిస్తారు. నచ్చితే డబ్బు, లేకపోతే చీర వాపసు. బేరం తెగేదాకా అది ఎవరి ఇంట్లో ఉన్నా ఇచ్చినవాళ్ళదే.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంది. చుట్టం కాదు, పిలుపు అంతే. ఇంట్లో కూర్చుని మార్కెట్టు చీరలకు రాళ్ళు అతికించే పని ఆమెది. ప్రతి బతుకమ్మకు ముందు అమ్మ దగ్గరికి వచ్చి ఒక మంచి చీర జాంగడ్‌లో తీసుకెళ్ళేది, కోడలికి చూపిస్తానని. పండుగ అయ్యాక తెచ్చేది, కోడలికి నచ్చలేదని. మడత దుకాణం మడతలాగే ఉండేది. అమ్మ తీసుకుని పక్కన పెట్టేది. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి ఆ మడతలో నుంచి బంతిపువ్వు రేక రాలింది. దుకాణంలో ఇంకా ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. దొంగను పట్టిన పోలీసులా అరిచాను.

"పెద్దమ్మా! ఇది నువ్వు కట్టుకొని ఆడినవ్ కదా!"

పెద్దమ్మ మొహం నేల వైపు తిరిగిపోయింది. అమ్మ నా చేతిలోంచి చీర లాక్కుని నవ్వింది. "పువ్వు నేనే పెట్టిన. ముక్కిన వాసన రావొద్దని. దీనికేం తెల్వదు అక్కా, నువ్వు కూసో." ఆమె వెళ్ళాక నా తొడ మీద గిల్లి, గొంతు తగ్గించి అంది: "ఒక్క పూట కడితే చీర అరుగుతదా? గట్ల నోరు జారితే మనిషి అరుగుతది. ఈ ముచ్చట ఈ గదిల్నే ఉండాలె. సమజైందా?"

సమజైంది అన్నాను. తరువాతి ఏడు పెద్దమ్మ మళ్ళీ వచ్చింది, అమ్మ మళ్ళీ ఇచ్చింది. ఏటా అదే.

అదే రాశాను. పేజీన్నర. రాస్తున్నప్పుడే తెలిసింది, నేను ఎవరినో చెప్పమంటే చెప్పదగ్గది ఇదేనని. శనివారం ఆంటీ చేతికి ఇచ్చాను. ఆవిడ ఒకసారి చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"చిన్నగా ఉందమ్మా," అన్నారు చివరికి.

"ఎట్లా ఆంటీ?"

"చీరలు, మడతలు, పువ్వు రేక... సంసారపు కబుర్లలా లేదూ? వాళ్ళకి లీడర్‌షిప్ కావాలి. నువ్వు సమాజానికి ఏం చేశావో కావాలి. ఇందులో నువ్వేం చేశావు, ఒకావిడని అవమానించావు. మీ అమ్మేమో అబద్ధం ఆడింది. జాంగడ్ అంటే వాళ్ళకేం అర్థమవుతుంది? ముగింపు కూడా తెగిపోయినట్టుంది." వేలితో ఒక్కో చోటే తాకి చూపించారు, బార్డర్ చూసినట్టు, జరీ చూసినట్టు. "సరే, ఇది నా దగ్గర ఉండనీ. ఇంకోసారి చూస్తాను. నువ్వు వేరే ఏదైనా ఆలోచించు."

రెండో విడత కాఫీ కూడా తెచ్చారు ఆ రోజు.

వేరే ఏదైనా అంటే డుమస్ బీచ్ దొరికింది. వాళ్ళ అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒక ఉదయం గ్లవుజులు తొడుక్కుని చెత్త ఏరడానికి వెళితే నన్నూ తీసుకెళ్ళారు. నేను ఏరినవి కొన్ని చిప్స్ ప్యాకెట్లు, ఒక చెప్పు. మిగిలిన సమయం పావ్ భాజీ తిన్నాం. వ్యాసంలో అది తీరప్రాంత పరిరక్షణ అయింది, నేను నాయకురాలినయ్యాను. ఇంగ్లీషు మాత్రం ఇస్త్రీ చేసినట్టు ఉంది. అదే పంపాను.

ఇంటర్వ్యూ వీడియోలో. ముగ్గురు కూర్చున్నారు. ఒక సారు మర్యాదగానే అడిగాడు, ఆ బీచ్ ఇప్పుడు ఎట్లా ఉందని.

"మళ్ళీ వెళ్ళలేదు సార్."

"ఎందుకని?"

ఎందుకని? ఆదివారాలు మార్కెట్టు ఉంటుంది కాబట్టి. అది చెప్పకూడదనుకున్నాను. మా అమ్మ ఏం చేస్తుందని ఒక మేడమ్ అడిగింది. ఆంటీ నేర్పినట్టే టెక్స్‌టైల్ ఎంటర్‌ప్రెన్యూర్ అన్నాను. ఆవిడ ఇంకేదో అడగబోయి నా మొహం చూసి ఆగిపోయింది. గిరాకి మెట్లు దిగిపోవడం నాకు తెలుసు. వెనక్కి పిలవడం కూడా వచ్చు. ఆ రోజు పిలవలేదు.

సీటు ఇచ్చారు, మాఫీ ఇవ్వలేదు. మా ఇంటికి అది ఇవ్వనట్టే.

ఆంటీ వాళ్ళమ్మాయికి కూడా సీటు వచ్చింది. ఏదో ప్రత్యేకమైన మెరిట్ స్కాలర్‌షిప్పుతో. వాళ్ళకు డబ్బు అక్కర్లేదు, అది పేరు కోసమే. నేను సంతోషించానంటే నమ్ముతారా? నమ్మొద్దు. కానీ స్వీటు డబ్బా పట్టుకుని వెళ్ళాను, అసూయ బయటపడకుండా పెద్ద డబ్బానే.

ఉగాదికి తెలుగువాళ్ళంతా ఒక హాలులో కలిశారు. హజీరా వాళ్ళు ముందు వరుసల్లో, మా వీధివాళ్ళు వెనక. మా వీధి ఆడవాళ్ళు కోలాటం వేయడానికి వచ్చారు. పెద్దమ్మ కూడా వచ్చి మాకు ముందు వరుసలో మనవరాలిని పక్కన పెట్టుకుని కూర్చుంది. మంచి కాలేజీలో సీటు వచ్చిన పిల్లలకు సన్మానం అన్నారు. ఆంటీ వాళ్ళమ్మాయిని స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పి, స్కాలర్‌షిప్పు తెచ్చిన వ్యాసాన్ని చదివి వినిపించమన్నారు. ఇంగ్లీషులో చదివింది.

వారాంతాల్లో వలస కార్మికుల వీధికి వెళ్ళి పిల్లలకు చదువు చెప్పేదట. అక్కడ ఒక చిన్న చీరల దుకాణంలో కూర్చునేదట. ఒకరోజు ఒకామె జాంగడ్‌లో తీసుకెళ్ళి వాపసు తెచ్చిన చీర మడతలో నుంచి పసుపుపచ్చటి పువ్వు రేక రాలిందట. తనే నోరు జారిందట. దుకాణం ఆవిడ తనను పక్కకు తీసుకెళ్ళి, ఒక్క పూట కడితే చీర అరగదని చెప్పిందట.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ ఒక మాట ఆమెకు ఏ భాషలోనైనా వినపడుతుంది. నా మోచేతిని పొడిచింది.

"జాంగడ్ అన్నది కదా? ఏంది, మన దుకాణం ముచ్చటనా?"

"ఊఁ."

"గింత మంది ముంగట! మంచి పిల్ల." అమ్మ చప్పట్లు కొట్టింది. మా వరుస అంతా కొట్టింది. మా ముందు వరుసలో పెద్దమ్మ కూడా కొట్టింది. ఇంగ్లీషు మీడియంలో చదివే ఆమె మనవరాలు చెవిలో ఏదో చెబుతోంది. పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూడలేదు. లేచి, చెంగు సర్దుకుని, కోలాటం వేయకుండానే బయటికి నడిచింది.

ఆంటీ కాఫీ అప్పుడు గుర్తొచ్చింది. వేలితో తాకి చూపించిన వంకలన్నీ గుర్తొచ్చాయి. నా కళ్ళ ముందే బేరం జరిగింది. అమ్మేదాన్ని నేనై ఉండి, గిరాకిలా చాయ్ తాగే వైపు కూర్చున్నాను.

ఇంటికి వెళ్ళే ఆటోలో అమ్మకు చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. భుజం మీద చెయ్యి వేస్తుందనుకున్నాను.

"ఆమెకు ఎవరు చెప్పిన్రు?" అంది.

"రాసి చూపించాను. దిద్దమని."

"అమ్మినవా, జాంగడ్ల ఇచ్చినవా?"

"చూపించడానికే అమ్మా."

"మరి వాపసు ఎందుకు తెచ్చుకోలే?"

ఆ మాట పట్టుకుని మర్నాడే పాల్ వెళ్ళాను. లిఫ్టు దగ్గరే వాళ్ళమ్మాయి ఎదురైంది. నన్ను చూడగానే ఫోను చెవికి పెట్టుకుని, మళ్ళీ తీసేసింది.

"సచ్చీ యార్, నువ్వు ఓకే అన్నావని మమ్మీ చెప్పింది. నీకు అది వద్దంట కదా. నేను మమ్మీని అడిగాను, కసమ్ సే, ఒట్టు."

"నన్ను అడిగావా?"

తను లిఫ్టు బటన్ నొక్కింది.

ఆంటీ తలుపు తీసి, కూర్చోమని, కాఫీ కలిపారు. నేను అడిగాను. ఆవిడ గొంతు ఏమాత్రం పెంచలేదు.

"నువ్వు పంపలేదు కదరా దాన్ని. వాడని పేజీలే కదా?"

"మీరే చిన్నగా ఉందన్నారు ఆంటీ."

"నీకు చిన్నదే. ఇప్పటికీ అదే చెబుతాను. అది నువ్వు రాస్తే మీ ఇంటి కబురు. మా అమ్మాయి రాస్తే, ఎక్కడో పెరిగిన పిల్ల అంత సున్నితంగా గమనించిందే అనిపిస్తుంది. చదివేవాళ్ళు అలా చూస్తారమ్మా, నేనేం చెయ్యను? అయినా ఇన్ని నెలలు నీకు చెప్పాను. నేనేమైనా అడిగానా?"

అడగలేదు. ఉచితం అని కుదుర్చుకున్నది నేనే. ధర లేని సరుకు కొంటే దాని ధర అమ్మేవాళ్ళే వేసుకుంటారు. లేచి నిలబడితే గుమ్మం దాకా వచ్చి ఆంటీ అడిగారు, మామూలుగానే, "మీ అమ్మ దగ్గర కొత్త చీరలేమైనా వచ్చాయా? మా మరదలి కూతురి పెళ్ళుంది."

వారం తిరగకుండా వచ్చారు కూడా. అమ్మ చాప పరిచింది, "రాండ్రి మేడమ్, కూసోండ్రి" అంది, చీరల మీద చీరలు విప్పింది. ఇంట్లో చూపించి తెస్తానంటే నాలుగు జాంగడ్‌లో కట్టి ఇచ్చింది. నేను లోపలి గది తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వెళ్ళాక అమ్మ మీద పడ్డాను.

"నువ్వు కూడానా అమ్మా? నా కథ తీసుకుపోయిన మనిషికి నవ్వుకుంటూ ఇస్తావా?"

అమ్మ విప్పిన చీరలు మడతపెడుతూ ఉంది. "దుకాణంల కోపం అమ్మరు. ఆమె గిరాకి. గిరాకి ఎప్పుడన్న దోస్తు అయితదా? నువ్వు అనుకున్నవ్, గది నీ తప్పు."

"కథ నాది!"

"నీదా?" అమ్మ మడత ఆపింది. "పువ్వు రేక ఆమె నెత్తిలది. అబద్ధం నాది. నీది ఏమున్నది అండ్ల? ఈ గదిల్నే ఉండాలె అన్న. నువ్వు బయటికి తీసి ఆమె చేతిల పెట్టినవ్. ఆమె మైకుల పెట్టింది. గంతే ఫరక్."

నాకు ఇప్పటికీ ఆ ఫరకు గంతే అని అనిపించదు. ఆంటీ చేసినదానికీ నేను చేసినదానికీ మధ్య చాలా దూరం ఉందని వాదించగలను, రింగ్ రోడ్ కాకాలను ఒప్పించగలను. అమ్మను ఒప్పించలేకపోయాను. ఆ రోజు నాకు అందరూ ద్రోహులే, ఆంటీ, వాళ్ళమ్మాయి, అమ్మ. నా పేరు కూడా ఆ వరుసలో నిలబెట్టడానికి బతుకమ్మ రావలసి వచ్చింది.

బతుకమ్మకు వారం ముందు అమ్మ ఒక చీర తీసి పక్కన పెట్టింది. మెంతి రంగు, ఎర్ర అంచు. ఎవరు అడిగినా, అది అమ్ముడుపోయింది అంది. పెద్దమ్మ రాలేదు. అమ్మ నన్ను పంపలేదు, తనే వీధి చివర దాకా వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఆ పండుగకు పెద్దమ్మ పాత నూలు చీరలో వచ్చి, పూలు పేర్చి, ఆడకుండా గోడ పక్కన నిలబడి వెళ్ళిపోయింది.

ఇక లెక్క. ఆంటీకి ఇచ్చిన ఫీజు సున్నా. అది మొదట చెప్పినట్టే నిజం. ఇంగ్లీషు వచ్చింది, అదీ నిజమే, ఇప్పుడు బీకాంలో నా చేత ఉత్తరాలు రాయించుకోని లెక్చరర్ లేడు. జాంగడ్ కథే పంపి ఉంటే మాఫీ వచ్చేదా అంటే, వచ్చేదని చెప్పుకుంటూ తిరిగాను గానీ, అది లెక్కలో వేయకూడదు. చేతికి రాని డబ్బు ఎవరూ రాబడిలో వేయరు. యూనివర్సిటీ పోయింది. ఒక స్నేహితురాలు పోయింది. ఆంటీ పోలేదు, నెలకొకసారి వస్తారు, నేను చీరలు చూపిస్తాను, ఆవిడ వంకలు పెడతారు, అమ్మ చాయ్ చెబుతుంది. మా వీధి ఆడవాళ్ళు అమ్మతో గుసగుసగా ఏదైనా చెప్పుకుంటూ, నేను గదిలోకి రాగానే చీర ధర అడుగుతారు.

మెంతి రంగు చీర పై అరలో ఉంది. జాంగడ్‌లో పోలేదు కాబట్టి వాపసు రావడమూ లేదు. దాని మడత దుకాణం మడతే, ఎవరూ విప్పలేదు.